నీళ్లలో కాలిని వదలని చెప్పు ఏది? వానాకాలం శాండిల్ కొనే ముందు ఇది వినండి

ఈ రోజు ఎపిసోడ్ ఫోన్ గురించి కాదు, ల్యాప్‌టాప్ గురించి కాదు, చెప్పుల గురించి. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా. జూన్ మొదలైందంటే చాలు, నన్ను తెలిసినవాళ్లు ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది: "బ్రో, ఒకటే జత కొంటా. మెట్రోలో వేసుకోవాలి, వానలో తడవాలి, వీకెండ్‌లో ఏ వాటర్‌ఫాల్‌కో వెళ్తే అక్కడా పనికిరావాలి. ఏది కొనాలి?"

ఒక బ్రాండ్ పేరు చెప్పేసి వెళ్లిపోవచ్చు. కానీ ఆ మోడల్ వచ్చే సీజన్‌కి ఉంటుందో లేదో. అదే, ఎలా చూసి కొనాలో తెలిస్తే ఏ షాపులోనైనా, ఏ రేటులోనైనా మీరే తేల్చుకుంటారు. ఇంకో మాట, ఈ వీడియోకి ఏ చెప్పుల కంపెనీ నాకు రూపాయి ఇవ్వలేదు. పేర్లు వచ్చినా కథ కోసమే వస్తాయి.

సరే, పాయింట్‌కి వచ్చేద్దాం. నేల మీద చెప్పుకి, నీళ్లలో చెప్పుకి తేడా ఒకటే. నేల మీద చెప్పు బాగోలేకపోతే కాలు నొప్పెడుతుంది. నీళ్లలో చెప్పు బాగోలేకపోతే మనిషి పడిపోతాడు. అందుకే నా ఆర్డర్ ఇది: మొదట మడమ వెనక పట్టీ, తర్వాత సోల్, తర్వాత ఎంత త్వరగా ఆరుతుందనేది. రంగు, లుక్కు, డిస్కౌంట్ అన్నీ వీటి తర్వాతే.

మనందరి ఇంట్లో ఉండే హవాయి చెప్పుతో మొదలుపెడదాం. హవాయి చెప్పు అంటే నాకేం చిన్నచూపు లేదు. చవక, తేలిక, కడిగితే నిమిషంలో ఆరిపోతుంది. మూడు పాయింట్లు ఉంటే రెండు కొట్టేసింది. కానీ దాని డిజైన్ చూడండి. మొత్తం చెప్పు మీ కాలికి పట్టుకుని ఉండేది ముందున్న ఒక్క గుబ్బ వల్ల. ఆ గుబ్బ ఊడిందంటే చెప్పు అయిపోయింది. పిన్నీసు పెట్టి నడిపించిన అనుభవం ఎవరికి లేదు చెప్పండి! మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. ఒక్క చోట పోతే సిస్టమ్ మొత్తం పడిపోవడం అన్నమాట.

పైగా మడమ వెనక ఏమీ లేదు. నడిచేటప్పుడు మనకి తెలియకుండానే కాలివేళ్లు ముడిచి చెప్పుని పట్టుకుంటాం. నేల మీద ఓకే. నీళ్లలో అడుగు ఎత్తగానే నీళ్లు చెప్పుని వెనక్కి లాగుతాయి. వేళ్లు దాన్ని పట్టుకునే పనిలో ఉంటే, ఇక రాయిని పట్టుకునేదెవరు? అక్కడే కాలు జారుతుంది.

ఇంకో ప్రమాదం ఉంది. చెప్పు కొట్టుకుపోతుంటే మన చెయ్యి ఆటోమేటిగ్గా దాని వెనక పోతుంది. వంగుతాం, రెండడుగులు వేస్తాం. అమెరికా వాతావరణ శాఖ ఎప్పుడూ చెప్పే లెక్క ఒకటుంది: వేగంగా పారే నీళ్లు 6 అంగుళాలు ఉంటే చాలు, పెద్ద మనిషిని పడేయడానికి. 6 అంగుళాలంటే చీలమండ దాటి కొంచెం పైకి, అంతే. 12 అంగుళాలుంటే చిన్న కార్లే కొట్టుకుపోవచ్చు. కాబట్టి మీరు ఏ చెప్పు వేసుకున్నా ఈ రూల్ మాత్రం గుర్తుపెట్టుకోండి: పారే నీళ్లలో చెప్పు పోతే పోనివ్వండి. రెండొందల చెప్పు అయినా, రెండు వేల చెప్పు అయినా.

మరి ఈ ప్రాబ్లమ్‌ని మొదట ఎవరు సాల్వ్ చేశారు? నదిలో పని చేసేవాళ్లే. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ దగ్గర కొలరాడో నది మీద పడవల్లో టూరిస్టుల్ని తీసుకెళ్లే గైడ్ ఒకాయన ఉండేవాడు, పేరు మార్క్ థాచర్. షూ వేసుకుంటే నీళ్లు నిండి రోజంతా తడి. చెప్పులు వేసుకుంటే నదిలో కొట్టుకుపోతాయి. 1984లో ఆయన చేసిన పని చాలా సింపుల్. మామూలు చెప్పుకి వెల్క్రో పట్టీ పెట్టి చీలమండకి కట్టేశాడు. అదే టేవా అనే కంపెనీ అయింది. ఇవాళ మన షాపుల్లో మూడు పట్టీల శాండిల్ ఏది చూసినా, దాని వెనక ఆ ఐడియా ఉంది.

తర్వాత 1989లో కొలరాడోలోనే ఇంకో నది గైడ్, మార్క్ పైగెన్, చాకో అనే శాండిల్ మొదలుపెట్టాడు. ఇందులో పట్టీ సోల్ లోపలి నుంచి దూరి బయటికి వచ్చి, ఒక్క చోట లాగితే కాలంతా బిగుసుకుంటుంది. 2003లో కీన్ అనే కంపెనీ వచ్చింది. శాండిల్‌కి ముందు రబ్బర్ ముక్కు పెట్టి కాలివేళ్లని కప్పేసింది. మన దగ్గర వీటి ఒరిజినల్స్ కొనాలంటే రేటు బాగానే ఉంటుంది. కానీ వీటిలోని మూడు ఐడియాలు, అంటే వెనక పట్టీ, సోల్‌లోకి దూరిన పట్టీ, ముందు ముక్కు, ఇప్పుడు తక్కువ రేటు శాండిల్స్‌లో కూడా దొరుకుతున్నాయి. వాటిని గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు.

ఫస్ట్ పట్టీ సంగతి చూద్దాం. పట్టీలు కనీసం మూడు ఉండాలి: వేళ్ల దగ్గర ఒకటి, పాదం పైన ఒకటి, మడమ వెనక ఒకటి. మూడూ విడివిడిగా బిగించుకునేలా ఉంటే బెస్ట్. కొన్ని శాండిల్స్‌కి వెనక పట్టీ ఉంటుంది కానీ ఉత్త ఎలాస్టిక్. తడిసి, ఎండి, తడిసి, ఎండి కొన్నాళ్లకి సాగిపోతుంది. వెనక పట్టీ తిప్పి ముందుకి మడిచి, స్లిప్పర్‌లా వేసుకునే మోడల్స్ కూడా ఉన్నాయి. ఇంట్లో ఓకే గానీ, నీళ్లలో ఆ పట్టీ తిరిగి ముందుకొచ్చేస్తే కష్టం. కొనేముందు లాగి చూడండి.

తర్వాత, పట్టీ సోల్‌లోకి ఎక్కడ దిగుతోందో చూడండి. పట్టీ అంచు పైపైన గమ్‌తో అతికించి ఉంటే పదిసార్లు తడవగానే లేచిపోతుంది. సోల్ పొరల మధ్యలోకి దూరి, కుట్టి ఉండాలి. వేలితో ఆ జాయింట్ దగ్గర పట్టుకుని గట్టిగా లాగండి. సన్నటి గీతలాగా సందు కనిపించిందంటే ఆ జత పక్కన పెట్టేయండి.

వెల్క్రో గురించి ఒక్క నిమిషం. దీన్ని కనిపెట్టింది జార్జ్ ద మెస్ట్రాల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీర్. 1941లో కుక్కతో షికారుకెళ్లి వస్తే బట్టలకి, కుక్క బొచ్చుకి ముళ్లకాయలు అంటుకున్నాయట. ఎందుకు అంటుకుంటున్నాయా అని మైక్రోస్కోప్‌లో చూస్తే చిన్న చిన్న కొక్కేలు కనిపించాయి. అదే వెల్క్రో. ఒక పక్క కొక్కేలు, ఇంకో పక్క దారపు ఉంగరాలు. ఇది తెలిస్తే దాని వీక్‌నెస్ కూడా తెలిసిపోతుంది. కొక్కేల్లో బురద, వెంట్రుకలు ఇరుక్కుంటే పట్టదు. నైలాన్ వెల్క్రో తడిస్తే పట్టు తగ్గుతుంది. అందుకని వెల్క్రో పట్టీ రెండు వేళ్ల వెడల్పు ఉండాలి, ఒకదాని మీద ఒకటి బాగా కప్పుకోవాలి. కొసల్లో కాస్త అంటుకుని ఊరుకునే వెల్క్రో వద్దు. ప్లాస్టిక్ బకిల్ ఉన్నది దొరికితే నీళ్లకి ఇంకా మంచిది. ఇనుప బకిల్, ఇనుప రివిట్ అయితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన అంచు తడిసిన చర్మానికి తగిలితే గీరుకుంటుంది.

ఇప్పుడు సోల్. షాపులో అన్నా వాళ్లు "రబ్బర్ సోల్" అని ఒకటే మాట చెప్తారు. అసలు మూడు రకాల మెటీరియల్స్ ఉంటాయి. ఒకటి ఈవీఏ. క్లాగ్స్‌కి వాడే నురగలాంటి మెటీరియల్, గాలి బుడగల్లా తేలిగ్గా ఉంటుంది. నీళ్లు పీల్చుకోదు, మెత్తగా ఉంటుంది. కానీ తడి టైల్స్ మీద, నున్నటి గ్రానైట్ మీద చాలా ఈవీఏ సోల్స్ జారతాయి. ఎండలో పెట్టిన కారులో వదిలేస్తే ముడుచుకుపోయి సైజు తగ్గిపోవచ్చు కూడా. రెండు, అసలైన రబ్బర్. బరువు ఎక్కువ, కానీ తడి మీద పట్టు ఎక్కువ. మూడు, పీయూ, అంటే పాలీయురెథేన్. నడకకి చాలా హాయిగా ఉంటుంది.

నీళ్లకి నేను చెప్పే కాంబినేషన్ ఏంటంటే, మధ్యలో ఈవీఏ, కింద నేలకి తగిలే చోట రబ్బర్. రెండూ వేరే రంగుల్లో ఉంటాయి, పక్క నుంచి చూస్తే పొరలు తెలుస్తాయి. రబ్బర్ మీద గాట్లు లోతుగా, నీళ్లు పక్కకి పోయేలా అంచు దాకా ఉండాలి. కార్ టైరు గాట్లు ఎందుకుంటాయో ఇవీ అందుకే. గోరుతో నొక్కితే కొంచెం లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. రాయిలా గట్టిగా ఉన్న సోల్ చాలా రోజులు అరగదు, నిజమే. కానీ తడి రాయి మీద పట్టు ఇవ్వదు. మనకి ఏది ముఖ్యం?

పీయూని విడిగా ఎందుకు చెప్తున్నానంటే, మా ఎర్రగడ్డ వాళ్లకి ఇది బాగా అవసరం. సండే మార్కెట్ తెలుసు కదా. ఆదివారం వచ్చిందంటే రోడ్డు పక్కన పట్టాలు పరిచి, పాత చార్జర్ నుంచి డ్రిల్ మెషీన్ దాకా అన్నీ పెడతారు. చెప్పులు, షూలు గుట్టలుగా ఉంటాయి. పెద్ద పెద్ద బ్రాండ్ల పేర్లు కనిపిస్తాయి. చూస్తే కొత్తవే, ఒక్కసారి కూడా వేసుకున్నట్టుండదు. కొని తెచ్చుకుని, మొదటి వానలో వేసుకుంటే అడుగున సోల్ ముక్కలు ముక్కలుగా రాలిపోతుంది. మోసపోయామని తిట్టుకుంటాం. నిజానికి అక్కడ జరిగింది కెమిస్ట్రీ.

చాలా రకాల పీయూ గాలిలో తేమని తీసుకుని లోపల్లోపల తెగిపోతుంది. దీన్ని హైడ్రాలసిస్ అంటారు. వేడి, తేమ ఉన్న చోట ఇంకా ఫాస్ట్‌గా జరుగుతుంది. విచిత్రం ఏంటంటే, చెప్పు వాడకపోయినా జరుగుతుంది. డబ్బాలో భద్రంగా కొన్నేళ్లు దాచిన చెప్పు, రోజూ వేసుకున్న చెప్పు కంటే ముందే పొడి అయిపోవచ్చు. మీ నాన్నగారు పెళ్లిళ్లకని దాచుకున్న చెప్పులు బీరువాలోంచి తీయగానే పిండిలా రాలడం చూసుంటారు. అదే ఇది.

కాబట్టి పాత స్టాక్ కొనేటప్పుడు రెండు పనులు చేయండి. సోల్‌ని చేతులతో సగానికి వంచి, వంపు దగ్గర సన్నటి పగుళ్లు వస్తున్నాయేమో చూడండి. బొటనవేలి గోరుతో సోల్ పక్కన గట్టిగా నొక్కండి. జిగురుగా అనిపించినా, పొడి రాలినా వదిలేయండి. డబ్బా ఉంటే ఎమ్మార్పీ స్టిక్కర్ మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, అవి చూడండి. ఆన్‌లైన్ సేల్‌లో 70 శాతం డిస్కౌంట్ అన్నప్పుడు కూడా పార్సిల్ విప్పగానే మొదట చూడాల్సింది ఆ నెలే. సండే మార్కెట్‌కి వెళ్లొద్దని కాదు నేను చెప్పేది. నేనూ వెళ్తా. అక్కడ రబ్బర్ సోల్ ఉన్నవి దొరికితే కొనండి, పీయూ అయితే వంచి చూసి కొనండి.

మూడో పాయింట్, ఆరడం. ఇక్కడ షాపులో ఒక కామెడీ డైలాగ్ ఉంటుంది. "అన్నా, ఇది నీళ్లల్ల పనికొస్తదా?" అంటే "ఫుల్ వాటర్‌ప్రూఫ్ తమ్మీ, కండ్లు మూసుకొని తీస్కో" అంటాడు. శాండిల్‌కి నాలుగు పక్కలా సందులే. నీళ్లు ఎలాగూ లోపలికి వస్తాయి, దానికి వాటర్‌ప్రూఫ్ ఏంటి? మనం అడగాల్సింది, వచ్చిన నీళ్లు ఎంత త్వరగా బయటికి పోతాయి అని. పట్టీ లోపల స్పాంజి మందంగా ఉంటే షాపులో మెత్తగా హాయిగా ఉంటుంది, వానలో మాత్రం దూదిలా నీళ్లు పీల్చుకుని సాయంత్రం దాకా పట్టి ఉంచుతుంది. లెదర్ సంగతి చెప్పక్కర్లేదు. తడిస్తే బిగుసుకుపోతుంది, బూజు పడుతుంది, వాసన వస్తుంది. పాలియెస్టర్ లేదా నైలాన్ నేత పట్టీ, లోపల పల్చటి లైనింగ్, ఇది చాలు.

తడి ఎందుకంత ముఖ్యమంటే, ఎక్కువసేపు నానిన చర్మం మెత్తబడిపోతుంది. మెత్తబడ్డ చర్మం మీద పట్టీ రాసుకుంటే బొబ్బలు వస్తాయి. వేళ్ల సందులు పాసిపోతాయి, ఫంగస్ వస్తుంది. వరినాట్లు వేసే మన అమ్మమ్మల్ని అడిగితే తెలుస్తుంది, నీళ్లలో నానిన కాళ్లు ఎంత బాధ పెడతాయో. ఆఫీసుకి వెళ్లాక శాండిల్ విప్పి, వేళ్ల సందులు కూడా తుడుచుకోవడం అనే రెండు నిమిషాల పని చాలా డబ్బులు మిగులుస్తుంది.

అలాగే కాలు పెట్టే పై భాగం, ఫుట్‌బెడ్ అంటారు కదా, దాన్ని కూడా చేత్తో తడిమి చూడండి. అది నున్నగా ఉంటే కింద సోల్ రాయిని ఎంత గట్టిగా పట్టుకున్నా లోపల మీ కాలు చెప్పు మీద జారుతుంది. చిన్న చిన్న గీతలో, బుడిపెలో ఉండాలి. షాపులో ఇది ఎవరూ చెప్పరు.

ఇప్పుడు సైజు. మనం వాడే 6, 7, 8 నంబర్లు బ్రిటిష్ వాళ్లు ఇచ్చిపోయినవి. చెన్నైలో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ, సీఎల్ఆర్ఐ, ఉంది. వాళ్లు 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశమంతా తిరిగి లక్షకు పైగా మంది పాదాలు కొలిచారు. తేలిందేంటంటే, మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కంటే వెడల్పు. దాంతో 'భా' అనే పేరుతో మన సొంత సైజుల పద్ధతి ప్రతిపాదించారు. దీనివల్ల మనకి తెలిసేది ఏంటి? ముందు భాగం టైట్‌గా ఉందని చాలామంది ఒక సైజు పెద్దది తీసుకుంటారు. షూ అయితే సరే. నీళ్లలో వేసుకునే శాండిల్ పొడుగైతే ముందు కొస రాయికి తట్టుకుని బోర్లా పడతారు. అందుకని పొడవుకి కరెక్ట్ సైజు తీసుకోండి, వెడల్పు సంగతి పట్టీ లూజ్ చేసి చూసుకోండి. పట్టీ మొత్తం వదులు చేసినా పక్కన వేలు బయటికి వస్తోందంటే ఆ మోడల్ మీది కాదు.

సాయంత్రం పూట కొనండి. రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, వానలో నడిచినప్పుడూ అలాగే ఉంటుంది. రెండు కాళ్లకీ వేసుకుని చూడండి, ఎందుకంటే చాలామందికి ఒక పాదం కాస్త పెద్దది. బొటనవేలు ముందు, మడమ వెనక, రెండు చోట్లా కొంచెం సోల్ మిగలాలి. వేలు అంచు దాటి బయటికి వచ్చిందంటే మొదటి రాయికే దెబ్బ.

వేళ్లని కప్పే ముక్కు ఉన్నది కొనాలా, ఓపెన్‌గా ఉన్నది కొనాలా అని అడుగుతారు. రెండింటికీ లాభం, నష్టం ఉన్నాయి. ముక్కు ఉంటే రాళ్ల దెబ్బ నుంచి కాపాడుతుంది, కానీ లోపలికి దూరిన గులకరాయి బయటికి పోదు, ఆగి విప్పి దులపాలి. ఓపెన్‌గా ఉంటే కాలు విదిలిస్తే రాయి పోతుంది. రోజూ సిటీలో తిరగడానికి ఓపెన్ చాలు. రాళ్ల మీద, వాగుల్లో నడిచే ప్లాన్ ఉంటే ముక్కు ఉన్నది తీసుకోండి.

ఎలాంటి ప్లాన్ అంటే, మల్లెలతీర్థం తీసుకోండి. శ్రీశైలం రూట్‌లో నల్లమల అడవిలో ఉంటుంది. దాదాపు 350 మెట్లు దిగాలి, దిగాక తడి రాళ్లు, నీళ్లు, మళ్లీ తడి కాళ్లతోనే 350 మెట్లు ఎక్కాలి. నేల, నీళ్లు, మళ్లీ నేల. హవాయి చెప్పుతో దిగడం కష్టం, స్పోర్ట్స్ షూ తడిపితే ఎక్కడం కష్టం. ఆదిలాబాద్ జిల్లా కుంటాల దగ్గరా మెట్లు దిగాకే జలపాతం. తిరుపతి జిల్లా నాగలాపురం ట్రెక్ అయితే దారి పొడవునా వాగు దాటడం, మళ్లీ రాళ్లెక్కడం. ప్రతిసారీ షూ విప్పి వేసుకోవడం అయ్యే పని కాదు. మూడు పట్టీల శాండిల్ పుట్టిందే ఇలాంటి చోట్ల కోసం.

కానీ ఒక మాట చాలా క్లియర్‌గా చెప్పాలి. పాచి పట్టిన రాయి మీద ఏ సోల్ అయినా జారుతుంది. ఐదు వేల శాండిల్ అయినా సరే. రాయి పచ్చగా, నల్లగా నిగనిగలాడుతుంటే దాని మీద కాలు పెట్టొద్దు, పక్కన ఇసుకలోనో గరుకు రాయి మీదో పెట్టండి. ములుగు జిల్లా బొగత లాంటి చోట వానాకాలంలో ఫారెస్ట్ వాళ్లు నీళ్లలోకి దిగొద్దని ఆపితే, "నా దగ్గర గ్రిప్ శాండిల్ ఉంది" అని దిగకండి. పైన ఎక్కడో పడ్డ వాన కింద మీ దగ్గరికి వచ్చేదాకా తెలియదు. మంచి చెప్పు వేసుకుంటే కాలికి ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతో రీల్ కోసం ఇంకో రెండడుగులు ముందుకి వేయిస్తుంది. అక్కడే ప్రాణాలు పోతాయి.

సిటీ సంగతికి వద్దాం. ఇక్కడ శాండిల్ పనికిరాని నీళ్లు ఉన్నాయి. గంట వాన కొడితే రోడ్డు మీద నిలిచే నీళ్లలో డ్రైనేజీ కలుస్తుంది, ఎలుకల మూత్రం కలుస్తుంది. దాంట్లో లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. కాలి మీద చిన్న గీత ఉన్నా, పట్టీ రాసుకున్న బొబ్బ పగిలినా లోపలికి వెళ్తుంది. శాండిల్ దాన్ని ఆపలేదు, గమ్‌బూట్ అయితే కొంతవరకు ఆపుతుంది. తప్పక ఆ నీళ్లలో నడిస్తే ఇంటికెళ్లగానే సబ్బుతో కాళ్లు కడగండి, చెప్పులు కూడా కడగండి. తర్వాత రెండు రోజుల నుంచి నాలుగు వారాల లోపు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టర్‌కి "వరద నీళ్లలో నడిచాను" అని మీరే చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆయన సరైన టెస్ట్ రాస్తారు. లేకపోతే మామూలు వైరల్ జ్వరం అనుకునే చాన్స్ ఉంది.

ఇంకోటి కరెంటు. "రబ్బర్ చెప్పులున్నాయి కదా, షాక్ కొట్టదు" అని ఇళ్లల్లో అంటారు. ఇది వదిలేయండి. పొడి నేల మీద పొడి చెప్పు సంగతి వేరు. నీళ్లలో కాలు మునిగాక సోల్ రబ్బరైనా లాభం లేదు, నీళ్లు నేరుగా మీ చర్మాన్ని తాకుతున్నాయి. ఇది ముఖ్యంగా మన కృష్ణానగర్, యూసుఫ్‌గూడ నుంచి షూటింగ్‌లకి వెళ్లే తమ్ముళ్లకి చెప్తున్నా. రెయిన్ సీన్ అంటే ట్యాంకర్ నీళ్లు, కింద బురద, పక్కనే లైట్ల కేబుల్స్. అక్కడ శాండిల్ సేఫ్టీ గేర్ కాదు. డెలివరీ చేసే వాళ్లకీ అదే మాట: కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నీళ్లు నిలిస్తే చుట్టూ తిరిగి వెళ్లండి, ఆర్డర్ ఐదు నిమిషాలు లేటైనా పర్లేదు. మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనిపించని నీళ్లలోకి అసలు దిగొద్దు. రాత్రి పూట పొలం గట్లు, గడ్డి, అడవి దారి అయితే పాముల భయం ఉంటుంది, అక్కడ మూసి ఉన్న షూనే వేసుకోండి.

ఇప్పుడు మీ కోసం కాకుండా, మీ అమ్మానాన్నల కోసం ఒక మాట. ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో వచ్చింది, మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని చెప్పింది. అంటే మనలో చాలామంది ఇళ్లల్లో ఉంది. షుగర్ చాలా ఏళ్లుగా ఉంటే కొంతమందికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. పట్టీ కోసుకున్నా తెలియదు, గులకరాయి గుచ్చుకున్నా తెలియదు. చిన్న పుండు పెద్దదై కాలు తీసేసే దాకా వెళ్లొచ్చు. అందుకని మీకు కొనుక్కున్న శాండిలే వాళ్లకీ ఇంకో జత ఆర్డర్ పెట్టేయకండి. వాళ్లకి వేళ్ల మధ్య గుబ్బ ఉండే చెప్పు వద్దు, గట్టి అంచుల పట్టీ వద్దు. ముందు కప్పి ఉండి, లోపల మెత్తగా, కుట్లు తగలకుండా ఉండాలి. వాన నీళ్లలోకి అసలు పంపకండి.

మెడికల్ షాపుల్లో ఎంసీఆర్ చెప్పులు అని అమ్ముతారు, చూసుంటారు. మైక్రోసెల్యులార్ రబ్బర్. దీని వెనక మంచి చరిత్ర ఉంది. వెల్లూరు ప్రాంతంలో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన టీమ్ కుష్ఠువ్యాధి వల్ల పాదాల్లో స్పర్శ పోయిన వాళ్ల కోసం ఇలాంటి మెత్తటి రబ్బర్ చెప్పుల మీద పని చేశారు. నొప్పి తెలియని కాలికి చెప్పే కాపలా అని వాళ్లకి అర్థమైంది. అదే ఇవాళ షుగర్ ఉన్నవాళ్లకీ పనికొస్తోంది. ఏది కొనాలో డాక్టర్‌ని అడగండి. మీరు చేయగలిగింది ఒకటుంది: రోజూ రాత్రి అమ్మ పాదాలు ఫోన్ టార్చ్ వేసి ఒక్కసారి చూడండి. చెప్పు లోపల చెయ్యి పెట్టి రాయి ఉందేమో తడమండి.

ఇక రేటు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు చెప్పులకి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. అంటే 2,500 గీత దగ్గర ఉన్న మోడల్స్ పోల్చేటప్పుడు ఈ తేడా చూసుకోండి. స్టూడెంట్ అయితే, డెలివరీ చేస్తుంటే, ఖరీదైనది అవసరం లేదు. వెనక పట్టీ, రబ్బర్ అడుగు, పల్చటి లైనింగ్, ఈ మూడూ ఉన్న లోకల్ జత సరిపోతుంది. ఇంకో చిట్కా: కొత్త జత కొనగానే మీ వీధి చివర చెప్పులు కుట్టే అన్న దగ్గర సోల్ చుట్టూ ఒక కుట్టు వేయించండి. గమ్ వదిలినా కుట్టు పట్టుకుంటుంది. అయితే అన్ని సోల్స్‌కీ కుట్టు పడదు, ఆయన చూసి చెప్తాడు, వినండి.

ఇంటికొచ్చాక కేర్ సింపుల్. మంచినీళ్లతో కడిగి, నీడలో, ఫ్యాన్ కింద ఆరబెట్టండి. మండుటెండలో పెట్టొద్దు, గమ్, ఈవీఏ రెండూ పాడవుతాయి. వెల్క్రోలో ఇరుక్కున్న చెత్త పాత టూత్ బ్రష్‌తో తీసేయండి. సముద్రానికి వెళ్లొస్తే ఉప్పు పోయేదాకా కడగండి. సోల్ గాట్లు అరిగి నున్నగా అయ్యాయంటే ఆ శాండిల్‌ని ఇంటి దగ్గర పొడి నేలకి వాడుకోండి, నీళ్లకి తీసుకెళ్లొద్దు.

షాపులో ఐదు నిమిషాల టెస్ట్ ఇంకోసారి చెప్తా, స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఒకటి, వేసుకుని మూడు పట్టీలూ బిగించి, కాలు గాల్లో గట్టిగా విదిలించండి, మడమ లేవకూడదు. రెండు, పట్టీ సోల్‌లోకి దిగే జాయింట్ లాగి చూడండి. మూడు, సోల్ వంచండి. వేళ్లు మడతపడే చోట వంగాలి, సరిగ్గా నడుమ విరిగినట్టు వంగకూడదు. నాలుగు, రబ్బర్ గోరుతో నొక్కి, గాట్లు చూడండి. ఐదు, షాపు అన్నని అడిగి మీ వాటర్ బాటిల్‌లోంచి కొంచెం నీళ్లు ఫుట్‌బెడ్ మీద పోసి, చేత్తో రుద్ది చూడండి, జారుతోందా లేదా. ఒప్పుకోకపోతే ఇంటికెళ్లి బాత్రూమ్‌లో గోడ పట్టుకుని టెస్ట్ చేయండి, కానీ రిటర్న్ ఉంటుందో లేదో ముందే అడిగి కొనండి.

ఈ ఐదూ పాసయితే రంగు మీ ఇష్టం. ఈ వారం వాటర్‌ఫాల్ ప్లాన్ చేసుకున్న గ్రూపులో ఈ ఎపిసోడ్ షేర్ చేయండి, ముఖ్యంగా ఆ గ్రూపులో హవాయి చెప్పులేసుకుని వచ్చేవాడు ఒకడుంటాడు కదా, వాడికి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో రెయిన్‌కోట్ సంగతి చూద్దాం, బైక్ మీద వెళ్లేవాళ్లకి ఏది పనికొస్తుందో. అప్పటిదాకా జాగ్రత్తగా నడవండి. ఉంటాను మరి, నమస్తే.